నొప్పి తీయని ఫైలు

ఇంటర్నెట్‌లో ఏది ఎక్కడ దించుకోవాలో, ఏది ముట్టుకోకూడదో జగ్గంపేట మొత్తానికి చెప్పేది నాగరత్నమే. బస్టాండు ఎదురుగా ఆమెకు నెట్ సెంటరు ఉంది. హాల్ టికెట్లు, కులం సర్టిఫికెట్లు, పెళ్ళి కార్డులు అన్నీ అక్కడే. ఆటల మోడ్ల కోసం, అంటే ఆటకు తగిలించుకునే అదనపు ముక్కల కోసం, వచ్చే కాలేజీ కుర్రకారు మాత్రం పచ్చ బొత్తం కనబడితే చాలు, వెనకా ముందూ చూడకుండా నొక్కేసి, కంప్యూటరు చతికిలబడ్డాక నాలిక కరుచుకునేవారు. ఒకే పేజీలో డౌన్‌లోడ్ అని అయిదు బొత్తాలుంటే ఆ అయిదూ అబద్ధమేనని ఆమె వాళ్ళకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కే లేదు. ఆటను చేసిన కంపెనీ దుకాణంలోనే తీసుకోండి, అందులో లేకపోతే ఆ మోడ్ మీకు అక్కర్లేదని అర్థం, అనేది.

అలాంటి మనిషి ఆ గురువారం మధ్యాహ్నం షట్టరు సగానికి దించి, తనే నాలుగు దొంగ సైట్లు తెరిచి వాటి ముందు కూర్చుంది.

ఆట పేరు ‘దారి’. ఆటలో బస్సు ఉంటుంది, రోడ్డు ఉంటుంది. మోడ్ దించుకుంటే డ్రైవరు వస్తాడు. బొమ్మ డ్రైవరు కాదు. నిజంగా ఒకరోజు ఆ రోడ్డు మీద బస్సు నడిపిన మనిషి మెడకు నాడిపట్టీ చుట్టి, చూపూ వినికిడీ తప్ప అతని నరాల్లో ఏం నడిచిందో అంతా ఎత్తి పెట్టుకున్న ఫైలు అది. ఆడేవాడు తనూ ఒక పట్టీ మెడకు చుట్టుకుని కళ్ళు మూశాడంటే స్టీరింగు బరువు వాడి అరచేతుల్లోకి వచ్చేస్తుంది. మలుపులో ఏ పక్కకు ఒరగాలో ఒంటికే తెలిసిపోతుంది. రాష్ట్రంలో ఉన్న మంచి మంచి డ్రైవర్ల ట్రిప్పులన్నీ అలా మోడ్లయ్యాయి. వాటిలో ఒకటి ‘మారేడుమిల్లి ఘాటు, ముప్పై ఎనిమిది నిమిషాలు, డ్రైవరు గంగరాజు’. గంగరాజు నాగరత్నం భర్త.

ఆ ట్రిప్పు ముప్పై ఎనిమిది నిమిషాలతో ఎందుకు ఆగిపోయిందో ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. రెండేళ్ళ కిందట కాకినాడ నుంచి భద్రాచలం వెళ్ళే ప్రైవేటు బస్సు, మారేడుమిల్లిలో భోజనాలయ్యాక కొండల్లోని ఘాటు రోడ్డు ఎక్కి, ఒక మలుపులో లోయలో పడింది. తొమ్మిది మంది ప్రయాణికులు పోయారు, గంగరాజు పోయాడు. బస్సులో ఉన్న రెండో డ్రైవరు తాతారావు చెయ్యి విరిగి బయటపడ్డాడు. బతికినవాళ్ళందరూ అప్పటికి భుక్తాయాసంతో కునుకు తీస్తున్నవాళ్ళే. డ్రైవరు క్యాబినుకు తలుపూ తెరా ఉండటంతో లోపల ఏం జరిగిందో చూసినవాళ్ళు లేరు. సాక్షి, డ్యూటీలో డ్రైవరు మెడకు రోజూ ఉండే పట్టీ ఒక్కటే. ముప్పై ఎనిమిదో నిమిషంలో డ్రైవరు రెండు సెకన్లు నిద్రపోయాడని పట్టీ చెప్పింది. పట్టీ గంగరాజు పేరు మీద ఉంది. డ్యూటీ కాగితంలో ఘాటు గంగరాజుదే. తాతారావూ అవునన్నాడు. విచారణ మూడు రోజుల్లో ముగిసింది.

ఆ తర్వాత ఆట కంపెనీవాళ్ళు సిగ్గు విడిచి, నిద్రకు ముందువరకూ ఉన్న ముక్కను ‘నివాళి’ అని పేరు పెట్టి దుకాణంలో ఉంచారు. నాగరత్నం సంతకం కూడా తీసుకున్నారు. ఆమె ఎందుకు పెట్టిందంటే, సంతకం పెడితే ఒక పట్టీ, ఒక కాపీ తనకు ఇస్తామన్నారు.

అప్పటినుంచీ ప్రతి గురువారం రెండింటికి షట్టరు దించి, పట్టీ చుట్టుకుని, ఆమె మొగుడి ఒంట్లోకి వెళ్ళి కూర్చునేది. పాతికేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా అతని క్యాబిన్‌లో కూర్చోలేదు. ఇప్పుడు తెలిసింది, మలుపు ముందు అతను ఊపిరి బిగబడతాడని, దారి సాఫీగా ఉంటే కుడి బొటనవేలితో స్టీరింగు మీద మూడు దెబ్బలు, కాస్త ఆగి రెండు దెబ్బలు వేస్తాడని, ముక్కుతోనే ఏదో రాగం తీస్తాడని. బతికుండగా తెలియని సంగతులు పోయాక తెలిశాయని ఆమె ఏడ్చేది. ఆ ఏడుపులో ఎక్కడో సుఖం కూడా ఉండేది. అది దాచుకోవడానికి లేదు.

మిగతా రోజుల్లో ఆమెకు ఇంకో పని ఉంది. చనిపోయిన తొమ్మిది మంది ఇళ్ళకూ వెళ్ళి క్షమించమని అడగడం. ఎవరూ వెళ్ళమనలేదు, ఆమెకే ఇంట్లో కూర్చుంటే ఊపిరాడలేదు. ఒంటరిగా పోవద్దని తాతారావు ఎవరి కారో తెచ్చి తీసుకెళ్ళేవాడు. రాజవొమ్మంగిలో ఒకాయన కుక్కను ఉసిగొల్పాడు. అడ్డతీగలలో ఒక పెద్దాయన ఆమె రెండు చేతులూ పట్టుకుని, క్షమించామమ్మా, నువ్వేం చేస్తావు, అని తనూ ఏడ్చాడు. ఎక్కడికి వెళ్ళినా తాతారావు వాకిట్లో ఆమెకు నాలుగడుగులు వెనకాల తలొంచుకుని నిలబడేవాడు. ఇలాంటి మనిషి తోడుండటం తన అదృష్టమని ఆమె అనుకునేది. ఎనిమిది ఇళ్ళు అయ్యాయి. గోకవరంలో తొమ్మిదో ఇల్లు మిగిలింది.

మరి దొంగ సైట్ల అవసరం ఎందుకొచ్చిందంటే, గంగరాజు కుడికాలు.

ఎనిమిదేళ్ళ కిందట బస్సు టాపు మీంచి సామాను దించుతూ పడి, అతని తొడ ఎముక విరిగింది. లోపల రాడ్డు వేశారు. బ్రేకు నొక్కినప్పుడల్లా తొడలోంచి నడుములోకి నొప్పి పాకేది. డిపోలో తెలిస్తే డ్యూటీ పీకేస్తారని ఎవరికీ చెప్పలేదు. రాత్రిళ్ళు నాగరత్నం కర్పూరం కలిపిన నూనె రాసేది, అతను పళ్ళ బిగువున ఆపుకునేవాడు. కంపెనీ దుకాణంలో ఉన్న ఫైలులో ఆ నొప్పి లేదు. ఉండదు. నొప్పి, భయం, వికారం, ఆకలి, నోటి రుచి, వీటన్నిటినీ వడపోసి గానీ కంపెనీ దేన్నీ అమ్మకానికి పెట్టదు. ఆడేవాడికి ఏమన్నా అయితే తమ మీదికి వస్తుందని.

రెండేళ్ళుగా ఆ వడపోసిన మనిషితోనే ఉండి ఉండి, ఆమెకు ఈ మధ్య కొత్త బెంగ పట్టుకుంది. గంగరాజు కుంటుకుంటూ మెట్లెక్కడం గుర్తు తెచ్చుకుందామంటే రావడం లేదు. జ్ఞాపకంలో కూడా హాయిగా నడిచి వచ్చేస్తున్నాడు. వడపోసినవాడు అసలువాణ్ణి మింగేస్తున్నాడు. అతని నొప్పి కూడా తనకు కావాలి, ఒక్కసారైనా అది తన కాల్లో పడితే చాలు, అనిపించింది. వడపోయని ఫైళ్ళు కంపెనీలోంచి బయటకు పొక్కాయని కుర్రాళ్ళు చెప్పుకోగా ఆమె విని ఉంది.

మొదటి సైట్లో అయిదు బొత్తాలున్నాయి, మూసేసింది. రెండోది ముందు ఇంకేదో యాప్ వేసుకోమంది, ఫోన్ నంబరు అడిగింది, అదీ మూసేసింది. మూడోది చూడ్డానికి మర్యాదగానే ఉంది. కింద నలభై మంది పొగిడారు. నలభై మందీ ఒకే రోజున, ఒకే తప్పుతో రాశారు. పైగా ఆ ఫైలు కంపెనీ ఫైలుకంటే చిన్నది. వడకట్టని కాఫీ వడకట్టినదానికంటే తక్కువ ఎలా అవుతుంది?

నాలుగోది ‘మలుపు’ అని ఒక పాత చర్చావేదిక. బొమ్మలు లేవు, రంగులు లేవు, నల్లక్షరాలే. ఫైలు పెట్టినతను ఏ తేదీ ట్రిప్పో, ఏ పట్టీ నంబరో, ఫైలు మార్చబడిందో లేదో సరిచూసుకునే సంఖ్య ఏమిటో రాశాడు. కింద ఇంకో మాట రాశాడు. “నిడివి నలభై రెండు నిమిషాలు. ముప్పై ఎనిమిది దాటాక ఏముందో నాకు తెలియదు. నేను వెళ్ళలేదు. మీరూ వెళ్ళొద్దు.” తనకు తెలియనిది తెలియదని రాసేవాణ్ణి నమ్మొచ్చని నాగరత్నం అభిప్రాయం. విచారణ కాగితాలు బయటకు తీసి పట్టీ నంబరు సరిచూసింది. సరిపోయింది.

అయినా ఊరికే దించుకోకుండా ఆ మనిషికి సందేశం పెట్టింది. అతని పేరు ఫణీంద్ర, కంపెనీలో వడపోత విభాగంలోనే పనిచేసి మానేశాడట. తాను గంగరాజు భార్యనని రాసింది. అతను, విచారణకు కంపెనీ ఇచ్చింది కూడా వడపోసిన ఫైలేననీ, అది తప్పని చెప్పినందుకే తను బయటికి రావలసి వచ్చిందనీ రాశాడు. ఆఖరి నాలుగు నిమిషాలూ అంతా భయం, నొప్పి కాబట్టి వడపోతలో ఖాళీ అయిపోయాయనీ, పట్టీ తెగిపోయిందని విచారణవాళ్ళు రాసుకున్నారనీ చెప్పాడు. చివర “అమ్మా, మీరు మాత్రం చివరిదాకా వెళ్ళకండి” అన్నాడు.

వెళ్ళే ఉద్దేశం ఆమెకూ లేదు. ఆమెకు కావలసింది మొదటి బ్రేకు.

పట్టీ చుట్టుకుని కళ్ళు మూసింది. అరచేతుల్లోకి స్టీరింగు వచ్చింది. కంపెనీ ఫైలులో ఎప్పుడూ లేనివి కూడా వచ్చాయి. కడుపు నిండా అన్నం బరువు. మెడ మీద చెమట, చొక్కా కాలరు గీరుకుపోవడం. ఇంజను వేడికి మడమలు మండటం. ఇదే అసలు సిసలైనది, అని ఆమె గుండె ఎగిరింది. మొదటి మలుపు వస్తోంది. ఊపిరి బిగబట్టాడు. కుడికాలు బ్రేకు మీదికి వెళ్ళింది. ఆమె పళ్ళు బిగించి ఆ నొప్పి కోసం ఎదురు చూసింది.

రాలేదు.

కాలు మెత్తగా దిగింది, మెత్తగా లేచింది. రెండో మలుపు, మూడో మలుపు, అంతే. ఆ తొడలో రాడ్డు లేదు. ఇది కూడా వడపోసిందే కాబోలు, ఫణీంద్ర మోసం చేశాడు అనుకుంది. కానీ మరి చెమట ఎక్కడిది? కడుపు బరువు ఎక్కడిది? అంతలో అర్థమైంది, నొప్పి ఉంది. కాల్లో కాదు, దవడలో. కింద ఎడమవైపు ఒక పన్ను సన్నగా సలుపుతోంది. నాలుక దాని దగ్గరికి పోయి ఒక లవంగాన్ని అటు నొక్కిపెట్టింది. నోరంతా లవంగం ఘాటు.

గంగరాజు పళ్ళు ఇనప గుళ్ళు. యాభై ఏళ్ళు వచ్చినా చెరుకు పంటితోనే చీల్చేవాడు. లవంగం బుగ్గన పెట్టుకుని తిరిగేది, తన ఇంట్లో భోజనానికి కూర్చుంటే అన్నీ కుడివైపే నమిలేది ఎవరో ఆమెకు బాగా తెలుసు.

పట్టీ ఊడబెరికి నేలకేసి కొట్టింది. రెండేళ్ళు. వంద గురువారాలు. పరాయి మగాడి ఒంట్లో కూర్చుని, వాడి ఊపిరి మొగుడి ఊపిరి అనుకుని, వాడి బొటనవేలు మొగుడి వేలు అనుకుని మురిసింది. ఆ వేలి తాళం తను కూడా నేర్చుకుంది. కూరగాయలు తరుగుతూ బల్ల మీద వేసేది. చేతులు రెండూ సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంది.

షట్టరు మీద ఎవరో కొట్టారు. ఆధార్ జిరాక్సు కావాలట, బస్సు వచ్చేస్తోందట. ఆమె షట్టరు ఎత్తి, కార్డు అద్దం మీద పెట్టి, రెండు కాపీలు తీసి ఇచ్చింది. ఒంట్లో బాగోలేదా అని ఆ మనిషి అడిగితే బాగానే ఉందంది. అతను వెళ్ళాక షట్టరు మళ్ళీ దించి, నేల మీది పట్టీ చేతిలోకి తీసుకుంది.

తాతారావు ఘాటులో కాసేపు నడిపి ఉండొచ్చు. తర్వాత మళ్ళీ గంగరాజు కూర్చుని ఉండొచ్చు. ఆ నిద్ర ఎవరిదో తెలియాలి. తెలియకుండా ఇక బతకడం ఆమెవల్ల కాదు.

ఈసారి ఎక్కడా ఆగలేదు. ఒకటీ ఒకటీ మలుపులు వెళ్ళిపోయాయి. పన్ను సలుపుతూనే ఉంది, అంటే సీటులో మనిషి మారలేదు. ముప్పై ఏడో నిమిషానికి కడుపులో అన్నం కళ్ళల్లోకి ఎక్కింది. తర్వాత వచ్చింది నిద్ర. అది అంత తియ్యగా ఉంటుందని ఆమె అనుకోలేదు. ఎవరో చల్లటి చెయ్యి నుదుటి మీద వేసినట్టుంది. పదిమంది ప్రాణాలు తీసిన ఆ రెండు సెకన్లలో ఆమె కూడా హాయిగా పడుకుంది. ఆ హాయిని ఆమె తర్వాత ఎన్నడూ తనకు తాను క్షమించుకోలేదు.

ఆ పైన లోకం తలకిందులైంది. దెబ్బలు, అద్దాలు, చెయ్యి విరిగిన చప్పుడు ఎముక లోపలినుంచే వినబడటం. కుర్చీలోంచి నేల మీద పడిపోయింది గానీ పట్టీ తియ్యలేదు. ఆ ఒళ్ళు లేచింది. విరిగిన చెయ్యి వేలాడుతుండగా పొదల్లో పాకింది. చేతికి తగిలినవి రాళ్ళు, చెప్పులు, ఎవరివో టిఫిను గిన్నెలు. అప్పుడు ఆ గొంతులోంచి, అంటే నాగరత్నం సొంత గొంతులోంచి, నెట్ సెంటరు గోడలు అదిరేలా ఒక అరుపు వచ్చింది.

“గంగరాజన్నా!”

మళ్ళీ, మళ్ళీ అదే పేరు. నాలుగు నిమిషాలూ అతను అదే అరిచాడు. మొగుడి పేరు ఆమె అంతవరకూ నోరారా పిలిచి ఎరగదు. అరుస్తూ వెతికి, ఒక బండరాయి పక్కన చొక్కా చేతికి తగిలి, తాతారావు దాని దగ్గర కూలబడే దాకా అంతా పట్టీలో ఎక్కింది. తర్వాత అతనే పట్టీని తన మెడలోంచి తీసేశాడు, ఫైలు అక్కడితో ఆగిపోయింది.

సాయంత్రం దాకా ఆమె ఆ నేల మీదే ఉంది. గంగరాజు నిద్రపోలేదు. గంగరాజు ఎవర్నీ చంపలేదు. కుక్కను ఉసిగొల్పిన ఇంటి ముందు, దుమ్మెత్తి పోసిన ఇంటి ముందు, ఏ పాపమూ ఎరగని మనిషిని తన నోటితోనే ఎనిమిదిసార్లు హంతకుణ్ణి చేసింది. ఇంకో సంగతి అంతకంటే గట్టిగా తగిలింది. విచారణలో అధికారి ఆమెను ఒకే ప్రశ్న అడిగాడు, మీ ఆయనకు ఏమన్నా జబ్బు, నొప్పి ఉన్నాయా అని. కాలి సంగతి చెబితే కుంటివాడు బస్సు నడిపాడంటారని, చచ్చినవాడి పరువు ఇంకా పోతుందని, ఏమీ లేవని రాసి సంతకం పెట్టింది. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే, ఫైలులో ఆ నొప్పి ఏదని ఎవడో ఒకడు అడిగేవాడు. ఆ దారి మూసింది ఆమే.

ఆదివారం పొద్దున్న తాతారావు కారు తెచ్చాడు. గోకవరం ప్రయాణం అనుకున్న రోజు. కూర్చోమని టీ ఇచ్చింది. అతను గ్లాసు పట్టుకుని వీధిలోకి చూస్తూ కుడి బొటనవేలితో దాని మీద మూడు దెబ్బలు వేశాడు, ఆగి, రెండు వేశాడు. ఆమె అతని మొహం చూడలేక ఆ వేలినే చూసింది.

“ఆ పన్ను పీకించేశావా తాతారావూ?” అంది.

“ఏ పన్నండి వదినగారూ?”

“కింద ఎడమవైపుది. ఘాటు ఎక్కేటప్పుడు లవంగం పెట్టుకున్నావు గదా.”

గ్లాసు మీద వేలు ఆగిపోయింది. అతను అబద్ధం ఆడటానికి ప్రయత్నించలేదు. గ్లాసు కింద పెట్టి, నేల చూస్తూ, అడిగినవీ అడగనివీ చెప్పాడు. అప్పటికి మూడేళ్ళుగా ఘాటు వచ్చేసరికి సీటు మారుతుండేవారు. దిగుడులో ప్రతి మలుపుకీ బ్రేకు, ఆ కాలితో గంగరాజు తట్టుకోలేడు. పట్టీలో మనిషి పేరు మార్చాలంటే డిపోలో కళ్ళు మూసుకుని ఇరవై నిమిషాలు కూర్చోవాలి, పైగా ఘాటు ఎవరు తోలుతున్నారో డిపోకి తెలిసిపోతుంది. అందుకని పట్టీ మెడలోంచి మెడలోకి మార్చుకునేవారు. తాతారావు తోలుతుంటే గంగరాజు పక్కన బానెట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పేవాడు.

“ఆవేళ అన్న నొప్పి బిళ్ళ వేసుకున్నాడండి. ఆయనా కునికాడు. ఆయన మాట్లాడుతూ ఉంటే నాకు నిద్ర రాదండి” అన్నాడు. ఆస్పత్రిలో పోలీసు వచ్చి, ఘాటులో తోలింది గంగరాజే గదా అని తనే తేల్చేస్తే, తాతారావు తల ఊపాడు. మర్నాడు నిజం చెబుదామనుకున్నాడు. విచారణలో ఆమె ఎలాగూ కాలి సంగతి చెబుతుంది, అంతా బయటపడుతుంది అనుకున్నాడు. ఆమె చెప్పలేదు.

నాగరత్నానికి అతని చెంప పగలగొట్టాలనిపించింది. నిజంగానే చెయ్యి లేచింది. కానీ ఆ పొదల్లో ఆ గొంతు ఎలా అరిచిందో ఆమె గొంతుకు తెలుసు. ఒక మనిషి ఏడుపు దొంగదో నిజందో లోపలినుంచి తెలిసిపోయాక కొట్టడానికి చెయ్యి రాదు, క్షమించడానికి మనసూ రాదు. రెంటికీ చెడి అలాగే నిలబడిపోయింది.

“మరి ఎనిమిది ఇళ్ళకీ నా వెంట ఎందుకొచ్చావు?” అని అడిగింది.

“వినడానికండి.”

“ఏం వినడానికి?”

“అడ్డతీగల పెద్దాయన క్షమించాం అన్నాడు గదండి. ఆ మాట నాక్కూడా పడుతుందేమోనని మీ వెనకాల నించున్నానండి.”

“పడిందా?”

“లేదండి” అన్నాడు తాతారావు.

ఆమె లోపలికి వెళ్ళి చీర మార్చుకుని వచ్చింది. శుక్రవారమే విచారణ అధికారికి ఫైలూ, ఫణీంద్ర రాసిచ్చిన కాగితమూ, కాలి రాడ్డు ఎక్స్‌రే, తను పెట్టింది తప్పుడు సంతకమని తన చేత్తో రాసిన ఉత్తరమూ పంపించానని చెప్పింది. అతను తల ఊపి, రేపు తనే స్టేషనుకు వెళ్తానన్నాడు. రేపటి సంగతి రేపు, ఇవాళ తొమ్మిదో ఇల్లుంది, లే, అంది.

కారు గోకవరం దారి పట్టింది. అతను మలుపు ముందు ఊపిరి బిగబడితే వెనక సీట్లో ఆమె ఊపిరి కూడా తనంతట తానే ఆగింది. అది ఆమెకు అసహ్యంగా ఉంది, ఆపడం చేతకాలేదు.

అది వరహాలమ్మ ఇల్లు. కూతురు భద్రాచలంలో నర్సింగు చదివేది, సెలవులు అయిపోయి ఆ బస్సు ఎక్కింది. వరహాలమ్మ అరుగు మీద చాప పరుచుకుని చింతపండు పిక్కలు తీస్తోంది. కారు దిగినవాళ్ళను చూసి ఎవరా అన్నట్టు చెయ్యి ఆపింది.

ఎప్పుడూ ముందు నడిచే నాగరత్నం వాకిట్లో ఆగిపోయింది. నాలుగడుగులు వెనక్కి వేసి, తాతారావు వెనకాల నిలబడింది. అతను ఒకసారి తిరిగి చూశాడు. ఆమె కదల్లేదు. వరహాలమ్మ పిక్కలు తీసే కత్తి చాప మీద పెట్టి, ఎవరు మీరు, ఏం కావాలి, అని అడిగింది.

“ఆవేళ బస్సు తోలింది నేనేనండి. నిద్రపోయింది నేనేనండి. గంగరాజు కాదండి” అన్నాడు తాతారావు.

వరహాలమ్మ మొహంలో ఏ మార్పూ లేదు. రెండేళ్ళు ఎవర్ని తిట్టుకుందో ఆ మనిషి ఒక్క క్షణంలో మారిపోతే, కొత్త మనిషిని వెంటనే ఎలా తిట్టాలో ఆమెకు తెలియలేదు కాబోలు. అతన్ని కాళ్ళ దగ్గర్నుంచి తలదాకా చూసింది. తర్వాత అతని భుజం మీదుగా వెనక్కి చూసింది.

“మరి నువ్వెవరమ్మా?” అంది.

ఎనిమిది ఇళ్ళలో నాగరత్నం ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది. డ్రైవరు పెళ్ళాన్ని అని చెప్పేది. ఇవాళ ఆ మాట నోట్లోకి వచ్చి ఆగిపోయింది.

“మాదీ మీలాంటి ఇల్లేనమ్మా” అంది. అంటూనే, రెండేళ్ళలో మొదటిసారి, తన మొగుడు చచ్చిపోయినందుకు మాత్రమే ఏడ్చింది.

వరహాలమ్మ లేవలేదు. చాప మీది చింతపండును రెండు చేతులతో పక్కకు తోసి, అరుగు మీద చోటు చేసింది. నాగరత్నం వెళ్ళి ఆ పక్కన కూర్చుంది. తాతారావును ఎవరూ కూర్చోమనలేదు, పొమ్మనలేదు. అతను ఎండలో అలాగే నిలబడ్డాడు.